పిల్లలతో పోటీ వద్దు, ముందు ఆఫీసు నెట్ వేరు చేయండి

ప్రశ్న: మాది గుంతకల్లు. ఇక్కడ ఒక ప్రైవేటు హైస్కూల్లో కంప్యూటర్ టీచర్‌గా పనిచేస్తున్నాను. ల్యాబులో 24 సిస్టమ్‌లు ఉన్నాయి. ఆఫీసుకూ, స్టాఫ్ రూముకూ, ల్యాబుకూ ఒకటే నెట్ కనెక్షన్. వైఫై పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా వారం తిరక్కుండానే పిల్లలకు తెలిసిపోతోంది. బ్లాక్ చేసిన సైట్లు కూడా తెరుస్తున్నారు. గత నెల ఎవరో ల్యాబులో అన్ని సిస్టమ్‌ల వాల్‌పేపర్ మార్చేశారు. ఇప్పుడు ఆఫీసు కంప్యూటర్లో ఉన్న ఫార్మేటివ్ మార్కుల ఎక్సెల్ ఫైల్లో ఇద్దరి మార్కులు మారిపోయాయి. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడి మీద అందరికీ అనుమానం. నిజం చెప్పాలంటే కంప్యూటర్ గురించి వాడికి నాకంటే ఎక్కువ తెలుసు. మా కరస్పాండెంట్ గారు వాడికి టీసీ ఇచ్చి పంపేద్దాం, పోలీసులకు చెబుదాం అంటున్నారు. లేకపోతే కొన్నాళ్ళు ల్యాబే మూసేద్దాం అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక ఉపాధ్యాయురాలు, గుంతకల్లు

సమాధానం:

మేడమ్, మీరు చాలా సమస్యలు రాశారు. కానీ వాటన్నిటి కన్నా ముఖ్యమైన మాట మీ ఉత్తరం మొదట్లోనే ఉంది. ఆఫీసుకూ ల్యాబుకూ ఒకటే నెట్ కనెక్షన్ అని మామూలుగా రాసి ముందుకు వెళ్ళిపోయారు. అసలు చిక్కు అక్కడే ఉంది. ల్యాబులో కూర్చున్న పిల్లవాడికి మార్కుల ఫైలు చేయి చాస్తే అందే దూరంలో ఉంది. వాడు ఎంత తెలివైనవాడన్నది తర్వాతి సంగతి.

ముందు ఈ వారం చేయాల్సింది చెబుతాను. ఆఫీసు కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయనివ్వకండి. కంగారులో చాలామంది మొదట చేసేది అదే. దాంతో ఏం జరిగిందో తెలుసుకునే ఆధారాలన్నీ పోతాయి. ఆ ఎక్సెల్ ఫైలును ఉన్నది ఉన్నట్టు ఒక కొత్త పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి హెచ్‌ఎం గారి బీరువాలో పెట్టించండి. ఫైల్ మెనూలో ఇన్ఫో నొక్కితే చివరిసారి ఎవరు, ఎప్పుడు మార్చారో కనిపిస్తుంది. ఆ సమయానికి ఆఫీసులో ఎవరున్నారో, ల్యాబులో ఏ తరగతి ఉందో టైమ్‌టేబుల్‌తో పోల్చి చూడండి. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఒకటి ఉంటుంది. అందులో సెక్యూరిటీ అనే భాగం తెరిస్తే ఆ సిస్టమ్‌లోకి ఎవరెవరు ఏ సమయంలో లాగిన్ అయ్యారో చాలావరకు దొరుకుతుంది. అయితే ఆఫీసులో అందరూ ‘అడ్మిన్’ అనే ఒకే పేరుతో లాగిన్ అవుతుంటే అక్కడ కనిపించే పేరు ఎవరినీ పట్టివ్వదు. మీ స్కూల్లో అలాగే ఉందని నా అనుమానం.

మార్కుల్ని మాత్రం టీచర్ల దగ్గరున్న రిజిస్టర్లూ, ఆన్సర్ పేపర్లూ చూసి సరిచేయండి. ఆ ఇద్దరివే కాదు, తరగతి మొత్తానివి సరిచూసి సంతకాలు పెట్టించండి. ఇద్దరి మార్కులు మారాయంటే వాళ్ళే మార్చారని కాదు, అందరూ అనుమానిస్తున్న ఆ తొమ్మిదో తరగతి అబ్బాయే మార్చాడనీ కాదు. ఆధారం దొరికేవరకు వాడి పేరు స్టాఫ్ రూములో కూడా ఎత్తకండి. పద్నాలుగేళ్ళ పిల్లవాడి మీద బడిలో ఒకసారి దొంగ అనే ముద్ర పడితే, తర్వాత వాడు కాదని తేలినా అది చెరగదు.

వాడికి ఎక్కువ తెలుసు కాబట్టి వాడే చేసి ఉంటాడని అనుకోవడం సహజమే. కానీ లెక్కలు అలా చెప్పడం లేదు. బ్రిటన్‌లో సమాచార రక్షణను చూసే నియంత్రణ సంస్థ ఐసీఓ, 2022 జనవరి నుంచి 2024 ఆగస్టు వరకు అక్కడి విద్యాసంస్థల్లో లోపలివాళ్ళ వల్ల జరిగిన 215 సమాచార ఉల్లంఘన ఘటనలను పరిశీలించింది. వాటిలో 57 శాతం విద్యార్థుల వల్ల జరిగినవే. మొత్తం ఘటనల్లో 30 శాతం ఎవరిదో లాగిన్ దొంగిలించి చేసినవి. ఆ దొంగతనాల్లో 97 శాతం విద్యార్థులవే. నిజంగా పెద్ద సాంకేతిక నైపుణ్యం వాడి రక్షణను తప్పించుకున్నవి 5 శాతమే. మిగతావాటిలో ఎక్కువ భాగం ఊహించడానికి తేలికైన పాస్‌వర్డ్‌లు, కాగితం మీద రాసి పెట్టినవి, లాగిన్ చేసి అలాగే వదిలేసి వెళ్ళిన కంప్యూటర్లు, ఇవ్వకూడని వాళ్ళకు ఇచ్చిన అనుమతులు. మన దగ్గర ఇలాంటి లెక్క నాకు కనబడకపోయినా, గుంతకల్లులో ఇంకోలా ఉంటుందని నేను అనుకోను. మార్కులు మార్చడానికి హ్యాకర్ కానక్కర్లేదు. మేడమ్ కీబోర్డు మీద పాస్‌వర్డ్ కొడుతుంటే ముందు బెంచీలో ఉన్న ఎవరైనా చూసి గుర్తుపెట్టుకోవచ్చు.

ఇక అసలు పని. ఆఫీసు నెట్‌ను ల్యాబు నుంచి పూర్తిగా విడదీయాలి. అన్నిటికన్నా తేలికైన దారి ఆఫీసుకు ఇంకో బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ తీసుకోవడం. ఏపీ ఫైబర్‌నెట్ కావచ్చు, బీఎస్‌ఎన్‌ఎల్ కావచ్చు, నెలకు కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. రెండు రూటర్లు, రెండు స్విచ్‌లు, వాటి మధ్య ఒక్క కేబుల్ కూడా ఉండకూడదు. తర్వాత ఎవరో ప్రింటర్ కోసమని ఒక వైరు లాగి రెండిటినీ కలిపేస్తారు. అలా కలపకూడదని స్విచ్ పక్కనే కాగితం అంటించండి.

రెండో కనెక్షన్‌కు కరస్పాండెంట్ గారు ఒప్పుకోకపోతే, ఉన్న కనెక్షన్‌కే ఇంకో రూటర్ తగిలించి వేరు చేయొచ్చు. కానీ ఇక్కడ చాలాచోట్ల ఒక తప్పు జరుగుతుంది. ఫైబర్ వచ్చే మొదటి రూటర్‌కు ఆఫీసును ఉంచి, దాని వెనక రెండో రూటర్ పెట్టి ల్యాబుకు ఇస్తారు. వేరు చేశాం అనుకుంటారు. నిజానికి వెనక రూటర్‌లో ఉన్నవాళ్ళు ముందు రూటర్‌లో ఉన్న కంప్యూటర్లను చేరగలరు. ముందువాళ్ళే వెనక్కి చేరలేరు. లోపలి గదిలో ఉన్నవాళ్ళు బయటికి వెళ్ళాలంటే ముందు గదిలోంచే నడిచి వెళ్ళాలి కదా, అలాగన్నమాట. కాబట్టి ఉంచాల్సింది తిరగేసి: ల్యాబు ముందు, ఆఫీసు వెనక. ఇంకా బాగా చేయాలంటే వీలాన్ (ఒకే నెట్‌ను లోపల వేరు వేరు భాగాలుగా విడదీసే పద్ధతి) చేయగల మేనేజ్డ్ స్విచ్, దానికి సరిపోయే రూటర్ కొని, వేరు వేరు రూటర్ల పని వాటితోనే చేయొచ్చు. దానికి తెలిసినవాళ్ళు కావాలి. అనంతపురం జేఎన్‌టీయూలో చదివి వచ్చినవాళ్ళు మీ పూర్వ విద్యార్థుల్లో ఉంటే ఒకరోజు పిలిపించండి. అమర్చినవాళ్ళు వెళ్ళిపోయాక పాస్‌వర్డ్‌లు మార్చేయండి.

సీసీ కెమెరాల సంగతి మీరు రాయలేదు. ఉంటే వాటి రికార్డర్ కూడా ఇదే నెట్‌కు తగిలించి ఉంటుంది, పాస్‌వర్డ్ కూడా కంపెనీ ఇచ్చిందే ఉండి ఉంటుంది. కెమెరాలు అమర్చినవాళ్ళు దాన్ని మార్చడం నేను చాలా అరుదుగా చూశాను. ఆ రికార్డర్‌నూ, స్మార్ట్ ప్యానెల్స్ (తరగతుల్లోని డిజిటల్ బోర్డులు) ఉంటే వాటినీ, రూటర్‌నూ ఒక్కొక్కటిగా తెరిచి పాస్‌వర్డ్ మార్చండి. ప్యానెల్స్‌లో ఫోన్ స్క్రీన్ పంపే సదుపాయానికి పిన్ పెట్టండి. లేకపోతే పాఠం మధ్యలో ఎవరి ఫోన్‌లోదో బోర్డు మీదికి వస్తుంది.

ల్యాబు సిస్టమ్‌ల దగ్గరికి వద్దాం. 24 వాల్‌పేపర్లు మారాయంటే, అన్నిటికీ అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటే అయినా అయి ఉండొచ్చు, పిల్లలు అడ్మిన్ లాగిన్‌లోనే పనిచేస్తూ అయినా ఉండొచ్చు. పిల్లలకు స్టాండర్డ్ యూజర్ అకౌంట్ మాత్రమే ఇవ్వండి. దాంతో సిస్టమ్ మొత్తానికి వర్తించే సాఫ్ట్‌వేర్ ఎక్కించలేరు, ముఖ్యమైన సెట్టింగులు మార్చలేరు. అడ్మిన్ అకౌంట్ వేరేగా, పాస్‌వర్డ్ మీ దగ్గరే. ఆ పాస్‌వర్డ్‌ను పిల్లలు గదిలో ఉండగా కొట్టకండి. ఏ పిల్లవాడు ఏ సిస్టమ్ ముందు కూర్చున్నాడో రిజిస్టర్‌లో రాయించండి. రోజూ ఒకే సిస్టమ్ అయితే ఇంకా మంచిది. ఈ చిన్న పని వల్లే సగం అల్లరి తగ్గుతుంది, ఎందుకంటే ఎవరు చేశారో తెలుస్తుందని వాళ్ళకు తెలుసు.

బాగా తెలిసిన పిల్లవాడు ఆ అకౌంట్ దగ్గర ఆగడు. పెన్‌డ్రైవ్‌లో వేరే ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చి దానితో కంప్యూటర్ స్టార్ట్ చేస్తాడు. అప్పుడు విండోస్ పాస్‌వర్డ్‌కు అర్థం ఉండదు, హార్డ్ డిస్క్ అంతా తెరుచుకుంటుంది. దీనికి బయాస్‌లోకి (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల భాగంలోకి) వెళ్ళి యూఎస్‌బీ నుంచి స్టార్ట్ అవడం ఆపేసి, బయాస్‌కు పాస్‌వర్డ్ పెట్టాలి. చాలా డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ తీసి పెడితే ఆ పాస్‌వర్డ్ కూడా పోతుంది. అందుకే సీపీయూ పక్క మూతకు చిన్న తాళం వేయించాలి. ఆఫీసు కంప్యూటర్‌కైతే ఇంకో అడుగు ముందుకెళ్ళి డిస్క్‌లోని సమాచారం కీ లేనివాళ్ళు చదవలేకుండా చేసే బిట్‌లాకర్ ఆన్ చేయండి. అది విండోస్ ప్రో, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ఉంటుంది. దాని రికవరీ కీని కాగితం మీద ప్రింటు తీసి బీరువాలో పెట్టండి, అది పోతే మీ డేటా మీకే దొరకదు.

పాడైన సిస్టమ్‌లను ఒక్కొక్కటిగా బాగుచేస్తూ కూర్చోవద్దు. రీస్టార్ట్ చేయగానే మొదటి స్థితికి తీసుకొచ్చే డీప్ ఫ్రీజ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. పిల్లలు ఏం మార్చినా మళ్ళీ ఆన్ చేసేసరికి మామూలే. వాళ్ళ ప్రాజెక్టులు దాచుకోవడానికి మాత్రం వేరే డ్రైవ్ చూపించాలి. లేకపోతే పాపం వాళ్ళ పని కూడా పోతుంది. అందరి స్క్రీన్‌లూ మీ సిస్టమ్ నుంచి చూడ్డానికి వెయాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది వాడుతున్నట్టు పిల్లలకు ముందే చెప్పండి.

మీ ల్యాబులో ఇంకా విండోస్ 10 ఉంటే, దానికి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 7 ఉంటే 2020 జనవరి 14నే అయిపోయింది. అప్‌డేట్లు లేకపోతే ఏమవుతుందో 2017 మేలో వానాక్రై వైరస్ వచ్చినప్పుడు చూశాం. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి. పాత సిస్టమ్‌లు విండోస్ 11ను మోయలేకపోతే వాటిలో విండోస్‌కు బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించండి. కేరళ ప్రభుత్వ బడుల్లో చాలా ఏళ్ళుగా ఉబుంటు అనే లైనక్స్ ఆధారంగా తయారు చేసుకున్న ఉచిత సిస్టమ్ వాడుతున్నారు. పిల్లలకూ అదే మంచి చదువు.

వైఫై పాస్‌వర్డ్ పిల్లలకు తెలిసిపోతోందని రాశారు. బహుశా మీ టీచర్ల ఫోన్ల నుంచే పోతోంది. ఈ మధ్య ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై షేర్ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది, చాలా ఫోన్లలో దాని కిందే పాస్‌వర్డ్ అక్షరాల్లో కనిపిస్తుంది. ఎవరో ఒక సార్ పిల్లవాడికి ఫోన్ ఇచ్చి ఏదో పని చెప్తే చాలు. ల్యాబుకు వైఫై అవసరమే లేదు, అన్నీ కేబుల్‌తోనే నడపండి. టీచర్ల ఫోన్లకు గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి, అది బయటికి పోయినా నష్టం తక్కువ. ఆఫీసు కంప్యూటర్‌కు కూడా కేబులే. రూటర్‌లో డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండానే కనెక్ట్ అయ్యే సదుపాయం) ఆపేయండి. వైఫై పేరు కనిపించకుండా దాచడం, ఫోన్ల మ్యాక్ అడ్రస్‌లు (ప్రతి ఫోన్‌కూ ఉండే నెట్‌వర్క్ గుర్తింపు నంబర్లు) రాసుకుని వాటికే అనుమతి ఇవ్వడం లాంటి సలహాలు ఎవరైనా చెప్తే వినకండి. మ్యాక్ అడ్రస్ మార్చడం పిల్లలకు నిమిషాల పని. మీకేమో రోజంతా తలనొప్పి.

ఫిల్టర్ల విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. చెడ్డ సైట్లు పొరపాటున చిన్న పిల్లల కంట పడకుండా చేయడం వరకే వాటి పని. అందుకు రూటర్‌లో డీఎన్‌ఎస్ (సైటు పేరును బట్టి దాని అడ్రస్ వెతికిపెట్టే సేవ) దగ్గర 1.1.1.3 అని పెడితే చాలు, అశ్లీల సైట్లనూ వైరస్ సైట్లనూ క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ ఉచితంగా ఆపుతుంది. బ్రౌజర్లో సెక్యూర్ డీఎన్‌ఎస్ అనే సెట్టింగు ఉంటుంది, దాంతో దీన్ని తప్పించుకోవచ్చు. ల్యాబు బ్రౌజర్లలో దాన్ని పాలసీ (అడ్మిన్ మాత్రమే మార్చగల నియమం) ద్వారా ఆపేయండి. ఆ తర్వాత కూడా వీపీఎన్‌తోనో, ఫోన్ హాట్‌స్పాట్‌తోనో తెలిసిన పిల్లలు బయటికి వెళ్తారు. వాళ్ళ వెనక పరుగెత్తి రోజుకో సైటు బ్లాక్ చేస్తూ కూర్చుంటే మీ పాఠాలు ఆగిపోతాయి. ఫోన్ తేవద్దన్న నియమం హెచ్‌ఎం గారు అమలు చేయాల్సింది, అది రూటర్‌తో అయ్యే పని కాదు. మీ శక్తి అంతా మార్కులు, ఫీజులు, పిల్లల ఆధార్ జిరాక్సులు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉన్న ఆ ఒక్క కంప్యూటర్ మీద పెట్టండి.

ఆ కంప్యూటర్ వాడే ప్రతి ఒక్కరికీ వేరే లాగిన్ ఉండాలి. పాస్‌వర్డ్ పొడుగ్గా, సంబంధం లేని నాలుగు మాటలతో ఉండాలి. స్కూలు పేరు, సంవత్సరం కలిపి పెట్టింది పాస్‌వర్డ్ కాదు. స్కూలు ఈమెయిల్‌కు ఫోన్‌లో కూడా అడిగే రెండో తాళం పెట్టండి. కుర్చీలోంచి లేస్తే విండోస్ బటన్, ఎల్ కలిపి నొక్కడం అలవాటు చేసుకోవాలి. వారానికోసారి సీపీయూ వెనక చూడండి, కీబోర్డు వైరుకూ సీపీయూకూ మధ్య పెన్‌డ్రైవ్ లాంటి చిన్న ముక్క ఏదైనా కొత్తగా ఉందేమో. కొట్టిన ప్రతి అక్షరాన్నీ రాసుకునే కీలాగర్లు అలా ఉంటాయి. మార్కుల ఫైలు ఉన్న ఫోల్డర్ ‘ఎవ్రీవన్’కు, అంటే నెట్‌వర్క్‌లో ఎవరైనా తెరిచేలా, షేర్ అయి ఉంటే ఈ రోజే తీసేయండి. బ్యాకప్ ఒకటి ఎప్పుడూ నెట్‌కు తగలని డిస్క్‌లో ఉండాలి.

ఈ ఖర్చు ఎందుకని కరస్పాండెంట్ గారు అడిగితే, 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం గురించి చెప్పండి. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. మన దగ్గరున్న సమాచారానికి తగిన రక్షణ పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండొచ్చని చట్టంలో ఉంది. మీ స్కూలుకు అంత వేస్తారని కాదు. కానీ ఏదైనా జరిగితే ముందు అడిగేది పిల్లవాణ్ణి కాదు, మిమ్మల్నే.

ఇప్పుడు ఆ అబ్బాయి. ఇతరుల కంప్యూటర్లోకి అనుమతి లేకుండా, మోసపూరితంగా వెళ్ళి మార్పులు చేయడం ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద నేరమే, మూడేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా ఉంది. కానీ 18 ఏళ్ళలోపు పిల్లల విషయం 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కిందికి వస్తుంది. గరిష్ఠంగా మూడేళ్ళ వరకు జైలు శిక్ష ఉన్నవాటిని ఆ చట్టం చిన్న నేరాలుగా చూస్తుంది, వాటికి మామూలుగా ఎఫ్‌ఐఆర్ కూడా కట్టరు. స్టేషన్ డైరీలో రాసి జువెనైల్ జస్టిస్ బోర్డుకు నివేదిస్తారు. చట్టమే ఇంత జాగ్రత్తగా చూస్తున్న వయసు పిల్లవాడిని మనం టీసీతో పంపేయడం నాకు న్యాయంగా అనిపించదు. బయటివాళ్ళు డబ్బు కాజేసినా, పిల్లల ఫొటోలు బయటికి వచ్చినా మాత్రం ఆలోచించకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి, అది వేరే సంగతి.

ఆధారాలు చూశాక మార్కులు మార్చింది వాడేనని తేలితే, అమ్మానాన్నల్ని పిలిపించి వాళ్ళ ముందే, తరగతి ముందు కాకుండా మాట్లాడండి. రాతపూర్వకంగా ఒప్పుకోమనండి. ఆ పరీక్ష మళ్ళీ రాయించండి. ఆఫీసు గడప తొక్కనివ్వకండి. వాల్‌పేపర్ మార్చడాన్నీ మార్కులు మార్చడాన్నీ ఒకే గాటన కట్టకండి. మొదటిది అల్లరి. రెండోది ఇంకో పిల్లవాడికి జరిగిన అన్యాయం. ఆ తేడా వాడికి అర్థమయ్యేలా చెప్పగలిగేది మీరే.

అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలోని 214వ స్కూలు డిస్ట్రిక్టులో 2021 ఏప్రిల్ 30న కొందరు విద్యార్థులు ఆరు హైస్కూళ్ళలోని 500కు పైగా స్క్రీన్‌ల మీద ఒకేసారి ఒక పాట వచ్చేలా చేశారు. వాళ్ళు లోపలికి వెళ్ళగలగడానికి ఒక ముఖ్య కారణం కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌లు ఎవరూ మార్చకపోవడం. పరీక్షలకు ఇబ్బంది కలగకుండా చూసుకున్నారు, పిల్లల సమాచారం ముట్టుకోలేదు, ఎక్కడెక్కడ లోపాలున్నాయో 26 పేజీల నివేదిక రాసి అధికారులకు పంపారు. ఆ విద్యార్థులను డిస్ట్రిక్టు శిక్షించలేదు. కృతజ్ఞతలు చెప్పి, లోపాలు వివరించమని పిలిచింది. అనుమతి లేకుండా అలా చేయడాన్ని నేను సమర్థించను. కానీ లోపం కనిపించినప్పుడు పిల్లలు వచ్చి చెప్పడానికి ఒక దారి ఉండాలి.

మీ స్కూల్లో ఆ దారి ఇప్పుడు లేదు. చెప్తే తిట్లు తింటారు కాబట్టి ఎవరూ చెప్పరు. ఒక పేజీలో తెలుగులో నియమం రాసి ల్యాబులో అంటించండి: లోపం కనిపిస్తే ముందుకు వెళ్ళకుండా ఆగాలి, ఇతరుల ఫైలు తెరవకూడదు, అదే రోజు మేడమ్‌కు చెప్పాలి, చెప్పినందుకు శిక్ష ఉండదు. హెచ్‌ఎం గారి సంతకం కూడా పెట్టించండి. లేకపోతే పిల్లలు నమ్మరు.

వాడికి మీకంటే ఎక్కువ తెలుసని రాశారు. అందులో మీకు చిన్నతనమేమీ లేదు. 2022 డిసెంబరులో ప్రభుత్వం తన బడుల్లో ఎనిమిదో తరగతికి ట్యాబ్‌లు ఇచ్చినప్పటి నుంచి మన జిల్లాల్లో పిల్లలు వీటితో ఆడుకుంటూనే పెరుగుతున్నారు. వాడి చేత పాత సిస్టమ్‌లలో లైనక్స్ ఎక్కించండి, నెట్ కేబుల్ చివర కనెక్టర్ బిగించడం (క్రింపింగ్) నేర్పించండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం ఎంత మంచివాడైనా ఇవ్వకండి. హ్యాకింగ్ సరదా తీరాలంటే కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళు స్కూలు పిల్లల కోసం నడిపే పికోసీటీఎఫ్ అనే ఆన్‌లైన్ హ్యాకింగ్ పోటీ ఉంది, ఉచితం, చట్టబద్ధం. పదో తరగతి మార్కులు బాగుంటే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ మీకు దూరమేమీ కాదని కూడా చెప్పండి. ఇంకో మాట. మీ ఉత్తరంలో ఆడపిల్లల ప్రస్తావనే లేదు. ఈ పనులు మొదలుపెట్టినప్పుడు వాళ్ళను కూడా పేరు పెట్టి పిలవండి, పిలవకపోతే ముందుకు రారు.

ల్యాబు మూసేయడం మాత్రం వద్దు. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలే దానివల్ల నష్టపోతారు. తప్పు చేసినవాడికి ఇంట్లో ఫోన్ ఎలాగూ ఉంది.

రెండో కనెక్షన్ కుదరక రూటర్‌తోనే వేరు చేయాల్సి వస్తే, రూటర్ వెనక ఉన్న స్టిక్కర్ మీది మోడల్ నంబరూ, ఏ కేబుల్ ఎక్కడికి వెళ్తోందో గీసిన బొమ్మా పంపండి. పాస్‌వర్డ్ ఉన్న భాగాన్ని చెరిపేసి పంపండి. ఏది ముందు, ఏది వెనక పెట్టాలో గీసి పంపిస్తాను.